డయాలిసిస్ వార్డు సర్వర్ లేవని రోజు

ఆ మెమరీ ముక్కను బిగించింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం కాస్త తేలికవుతుందని ఇక్కణ్ణుంచి మొదలుపెడుతున్నాను.

నేను శ్రీకాకుళంలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగం చూసేవాణ్ణి. విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక గది, అందులో ఒక ఏసీ, ఒక సర్వర్, నేను. ఇల్లు చీపురుపల్లిలో. పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం మళ్ళీ అదే దారి. రైల్లో రోజూ కలిసేవాళ్ళు తమ ఫోన్లూ లాప్‌టాప్‌లూ నా చేతికిచ్చి, "కాస్త సూడు బావా" అనేవారు. చూసేవాణ్ణి. చాలావరకు బాగయ్యేవి. ఏళ్ళ తరబడి అలా బాగుచేస్తూ వచ్చినవాడికి, తన చెయ్యి పడ్డది చెడిపోదనే నమ్మకం కుదురుతుంది. నాకూ కుదిరింది. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అడిగితే, అన్నిటికంటే ముందు ఆ నమ్మకాన్నే అనుమానించమంటాను.

మా ఆసుపత్రిలో ఎక్కువ రద్దీ డయాలిసిస్ వార్డుకే. కిడ్నీలు పాడైనవాళ్ళు ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో తెల్లారకుండానే బయల్దేరి వచ్చేవారు. వరిచేలు వదిలి వచ్చేవాళ్ళు, సముద్రం వేట మానుకుని వచ్చేవాళ్ళు, కూడా ఒకరిని తోడు తెచ్చుకుని, కేరేజీలో అన్నం తెచ్చుకుని వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరి ఒంటిది ఒక్కో తీరు. ఒంట్లోంచి ఎంత నీరు తియ్యాలి, ఏ మందు ఎంత ఇవ్వాలి, ఏది అస్సలు ఇవ్వకూడదు, అన్నీ సర్వర్‌లోనే ఉండేవి. మనిషి రాగానే సిస్టర్ ఆ రోజు కాగితం ప్రింటు తీసి, అందులో ఉన్నట్టు మిషను సరిచేసేది. డాక్టర్లు చేత్తో రాసిన కేసుషీట్లు కూడా ఉండేవి గానీ, అవి రికార్డు గదిలో కట్టలు కట్టి ఉండేవి.

ఆ కేసుషీట్లు చూసి వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే అమ్మాయి ఒకామె ఉండేది. అమ్మాయి అంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తల్లి. అరసవల్లి నుంచి స్కూటీ మీద వచ్చేది. కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి పొడిగిస్తేనే మళ్ళీ ఏడాది ఉన్నట్టు.

ఆ ఏడు వార్డులో పడకలు పెరిగాయి. సర్వర్ నెమ్మదించింది. కొత్త సర్వర్ కొనమని అడగాల్సింది. "అంత అవసరం లేదు సార్, మెమరీ పెంచితే చాలు, నేను చూసుకుంటాను" అని సూపరింటెండెంటుగారికి నేనే చెప్పాను. ఆయన కిడ్నీ డాక్టరు, మాట తక్కువ మనిషి. "మీ ఇష్టం" అన్నారు. ఊళ్ళో దుకాణంలో ఒక మెమరీ ముక్క కొన్నాను. ఒక సాయంత్రం వార్డు ఖాళీ అయ్యాక డబ్బా విప్పి బిగించాను. సర్వర్‌ని నడిపే లైనక్సు లేచింది. పెరిగిన మెమరీ తెరమీద కనబడింది. కొత్త ముక్క పెట్టినప్పుడు దాన్ని ఒక పూటంతా పరీక్షించి, తేడా లేదని తేలాకే పనిలో దించాలి. ఆ పరీక్ష చేసే ప్రోగ్రాము నా జేబులో పెన్‌డ్రైవులోనే ఉంది. ఇతరులకు ఈ సలహా ఎన్నోసార్లు ఇచ్చినవాణ్ణి. ఆ రోజు మాత్రం రైలుకి టైమైపోతోందని మూత బిగించేసి వెళ్ళిపోయాను.

కొద్దిరోజులకే ఆ కేసుషీట్లు ఎక్కించే ఆమె ఫోను చేసింది.

"సార్, మళ్ళీ ఆగిపోనాది."

"ఏం నొక్కావు?"

"ఏటీ నొక్కలేదు సార్. సేవ్ కొట్టాను, తెర మూసుకుపోనాది."

"సేవ్ కొడితే తెర ఎందుకు మూసుకుపోతుందమ్మా?"

"అదే సార్ నాకూ తెలీడం లేదు. ముందు ఇలగ అయ్యేది కాదు. మీరు ఆ రోజు డబ్బా ఇప్పిన కాణ్ణించే అవతన్నాది."

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. వెళ్ళి చూశాను. నా ముందు చక్కగా పనిచేసింది. మర్నాడు మళ్ళీ ఫోను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ బాగానే ఉంది. కొన్ని యంత్రాల జబ్బు అలాగే ఉంటుంది, ఒకసారి కనబడి ఒకసారి దాక్కుంటుంది. అది తెలిసినవాణ్ణే అయినా, ఆమె మీద విసుక్కోవడం నాకు తేలికైంది.

ఆ నెల స్టాఫ్ మీటింగులో, కంప్యూటర్ మాటిమాటికీ ఎందుకు ఆగుతోందని ఎవరో అడిగారు. నేను లేచి, "సర్వర్ గుర్రంలా ఉంది సార్. దాని మీద కూర్చునేవాళ్ళకి స్వారీ రావాలి కదా" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె మూలన కుర్చీలో కూర్చుని ఉంది. తల దించుకుని కొంగు సర్దుకుంది. సూపరింటెండెంటుగారు నవ్వలేదు గానీ, "కాంట్రాక్టు పొడిగింపులు వచ్చే నెల కదా, చూద్దాం" అని మరో విషయంలోకి వెళ్ళిపోయారు. అందరూ నవ్వినందుకు ఆ పూట నాకు సంతోషంగానే ఉంది.

తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున నేను వచ్చేసరికి వార్డులో ఏ కంప్యూటరూ పనిచెయ్యడం లేదు. సర్వర్ బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేశాను. లైనక్సు లేచేటప్పుడు తెరమీద వరుసలు జలజలా పైకి పోతాయి, వాటిని చూడ్డం నాకు అలవాటైన సుఖం. ఆ రోజు వరుసలు సగందాకా పోయి ఆగిపోయాయి. చివర, ఇక ముందుకు పోలేనని యంత్రం తన భాషలో చెప్పే మాట. మళ్ళీ వేశాను. ఈసారి ఇంకో చోట ఆగింది.

ఇంకో చోట ఆగింది. అక్కడే నాకు తట్టాలి. డిస్కు చెడితే ఒకే చోట తంతుంది. ఒక్కోసారి ఒక్కో చోట తంతోందంటే చూడాల్సింది మెమరీని. కానీ తలుపు దగ్గర సూపరింటెండెంటుగారు నిలబడి ఉన్నారు, ఆయన వెనక ఇద్దరు సిస్టర్లు, వాళ్ళ వెనక వరండా నిండా జనం.

"ఎంతసేపు పడుతుంది?" అన్నారాయన.

"డిస్కు కొంచెం రిపేరు చెయ్యాలి సార్. అయిపోతుంది."

పెన్‌డ్రైవుతో యంత్రాన్ని లేపి, డిస్కు సరిచేసే ప్రోగ్రామును నడిపాను. అది తప్పు కనబడిన ప్రతిచోటా ఆగి, సరిదిద్దమంటారా అని అడుగుతుంది. ప్రశ్నలు వరదలా వచ్చాయి. అన్నిటికీ అవునని ముందే చెప్పేసే వీలుంది. అలాగే చెప్పేశాను. ఆ ప్రోగ్రాము డిస్కులో ఉన్నదాన్ని మెమరీలోకి తెచ్చుకుని, అక్కడ చూసి, దిద్ది, తిరిగి డిస్కు మీద రాస్తుంది. మెమరీయే అబద్ధం చెబుతుంటే మంచిది కూడా చెడ్డగా కనబడుతుంది. మంచిదాన్ని చెరిపి చెడ్డదాన్ని రాస్తుంది. ఆ పొద్దున నేను తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి, మనుషుల వైద్యం వివరాలను నా అనుమతితోనే ఛిద్రం చేయించుకున్నాను.

అవతల వార్డులో పని ఆగలేదు. సూపరింటెండెంటుగారు రికార్డు గదిలోని కేసుషీట్ల కట్టలు పైకి తెప్పించారు. సిస్టర్లు వాటిని వెతికి, చదివి, ఒక్కొక్కరినే మిషను మీద పడుకోబెడుతున్నారు. నెమ్మదిగానే అయినా, సరిగ్గానే జరుగుతోంది. పొద్దుటి వాళ్ళు చాలామంది మధ్యాహ్నానికి జరిగారు.

నీళ్ళు తాగుదామని బయటికొస్తే బెంచీ మీద భార్యతో కూర్చున్న ఒకాయన పలకరించాడు. సముద్రం వేటకెళ్ళే మనిషి. జబ్బు చేశాక ఒడ్డునే ఉండి వలలు బాగుచేసేవాడు.

"ఏటి బావూ, మీ మిషన్ ఇంకా లెగనేదా?"

"లేస్తుంది. కాసేపు."

"లెగుద్దిలే. నువ్వున్నావు గదా." అని నవ్వాడు. పక్కన భార్య, "ఆ బావుని ఒగ్గెయ్, పనిలో ఉన్నాడు" అని ఆయన మోకాలి మీద కొట్టింది.

లోపలికొచ్చి డిస్కుకు రెండోసారి పరీక్ష పెట్టాను. ఒకసారి దిద్దాక రెండోసారి తప్పులు ఉండకూడదు. ఉన్నాయి. మూడోసారి పెడితే మళ్ళీ కొత్తవి. అప్పుడు తట్టింది. మెమరీ పరీక్ష నడిపాను. తెర మీద తప్పులు చూపే ఎర్ర వరుసలు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. మూత విప్పి, నేను బిగించిన ముక్క తీసి మళ్ళీ పరీక్షించాను. ఒక్క ఎర్ర వరుస లేదు.

ఆ ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాను. ఎవరికైనా చూపించడానికి కాదు. బల్ల మీద పెడితే ఎవరైనా చూస్తారని.

డిస్కు మీద మిగిలినదేదీ నమ్మడానికి లేదు. లైనక్సును మళ్ళీ మొదట్నుంచి ఎక్కించి, రోజూ విడిగా దాచే కాపీలు తెరిచాను. ముందురోజుది తెరుచుకోలేదు. దాని ముందుది సగంలో విరిగిపోయింది. ఆ కాపీలు తీసిందీ ఆ మెమరీ గుండానే మరి. వెనక్కి వెనక్కి పోతే, కొత్త ముక్క పెట్టకముందు తీసిన కాపీ ఒక్కటే పూర్తిగా తెరుచుకుంది. దాదాపు మూడు వారాల కిందటిది. దాన్నే ఎక్కించాను. వార్డు కంప్యూటర్లు వెలిగాయి.

బయట సూపరింటెండెంటుగారు ఎదురొచ్చారు.

"వచ్చిందా?"

"వచ్చింది సార్."

"మొత్తం?"

ఒక్క మాట సరిపోయేది. మూడు వారాలది లేదు సార్, కేసుషీట్లు వెనక్కి పంపకండి. అంతే. కానీ సిస్టర్లు, "హమ్మయ్య, వచ్చేసింది" అంటున్నారు. బెంచీల మీద వాళ్ళు లేచి నిలబడుతున్నారు. మెమరీ ముక్క జేబులో ఉంది.

"వాడుకోవచ్చు సార్" అన్నాను.

సాయంత్రం కూర్చుని కేసుషీట్లు చూసి పోయినవన్నీ నేనే ఎక్కించేద్దామనుకున్నాను. ఈలోపు ఆయా వచ్చి కట్టలన్నీ రికార్డు గదికి మోసుకుపోయింది. నేను చూస్తూనే ఉన్నాను.

ఆమె మాత్రం తన కుర్చీలోంచి లేచి నా దగ్గరికొచ్చింది.

"సార్, నేను మొన్న ఎక్కించినవి కనబడ్డం లేదు."

"ఇండెక్సింగ్ అవుతోందమ్మా. కాసేపాగు, వస్తాయి."

ఇండెక్సింగూ లేదు, ఏమీ లేదు. ఎదుటివాళ్ళకు తెలియని మాట ఒకటి విసిరితే మారు మాట్లాడరని నాకు తెలుసు. ఆమె వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

మధ్యాహ్నం బ్యాచి సిస్టర్లు వేరే. రోజూ పొద్దుట చూసే సిస్టరయితే ఆ వేటకెళ్ళే మనిషి సంగతి తెలిసి ఉండేది. ఆయనకు రెండు వారాల కిందట కడుపులో పుండు చితికి రక్తం పోయింది. డయాలిసిస్ చేసేటప్పుడు గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు ఇస్తారు. పుండు మానేదాకా ఆయనకు అది ఇవ్వొద్దని సూపరింటెండెంటుగారు కేసుషీటులో రాశారు. ఆమె దాన్ని కంప్యూటర్లో ఎర్ర అక్షరాల్లో ఎక్కించింది. నేను ఎక్కించిన పాత కాపీలో ఆ ఎర్ర అక్షరాలు లేవు. ఎప్పటిలాగే మందు ఇవ్వమని ఉంది. సిస్టర్ ప్రింటు చూసింది, ఇచ్చింది. ఆ పిల్ల తప్పేమీ లేదు.

డయాలిసిస్ చివర్లో ఆయన రక్తం వాంతి చేసుకున్నాడు.

నేను పరుగెత్తుకెళ్ళేసరికి పడక చుట్టూ తెర లాగేశారు. ఆయన భార్య బయట నిలబడి గోడను గోళ్ళతో గీకుతోంది. "పొద్దుట బాగున్నాడు గదా. నవ్వతన్నాడు గదా. ఏటైనాది? ఏటి సేసినారు?" అని దారిన పోయేవాళ్ళందర్నీ అడుగుతోంది. నన్నూ అడిగింది. నేను తల పక్కకు తిప్పుకున్నాను.

సూపరింటెండెంటుగారు లోపలికెళ్ళారు. మందుకు విరుగుడు ఇచ్చారు, రక్తం తెప్పించారు, ఎవరినో ఫోనులో పిలిచారు. మనిషి కాస్త నిలదొక్కుకున్నాక బయటికొచ్చారు. చేతిలో ఆ ప్రింటు కాగితం ఉంది. వరండాలో సిస్టర్లు, ఆమె, నేను.

ఆయన ఆమె వైపు తిరిగారు. "ఇందులో హెపారిన్ ఆపమని లేదు. నేను రాశాను. నువ్వు ఎక్కించలేదా?"

"ఎక్కించాను సార్."

"ఎక్కిస్తే ఏదీ?"

"ఎక్కించాను సార్. ఎర్రగా పెట్టాను. నిజంగా ఎక్కించాను సార్."

ఆయన నమ్మలేదు. ఎందుకు నమ్ముతారు? ఆమెకు స్వారీ రాదని మీటింగులో చెప్పి అందర్నీ నవ్వించినవాణ్ణి నేను, పక్కనే ఉన్నాను. ఆమె నా వైపు చూసింది. బతిమాలుతున్నట్టు చూడలేదు. చెప్పండి సార్, అన్నట్టు మామూలుగా చూసింది. ఇప్పుడు కాదు, ఆయన కోపం తగ్గాక లోపల నెమ్మదిగా చెబుదాం, అని నా బుర్ర ఏవో దారులు వెతుకుతోంది.

సూపరింటెండెంటుగారు కాగితం మడిచి, వెనక్కి తిరిగి నడిచారు. వరండా పొడుగునా నడిచి మలుపు తిరిగారు. అప్పుడు కదిలాయి నా కాళ్ళు. వెనక పరుగెత్తాను.

"సార్, ఆమె ఎక్కించింది. పాత కాపీ పెట్టాను నేను. మూడు వారాలది లేదు. మెమరీ నాదే, నేనే బిగించాను."

జేబులోంచి ఆ ముక్క తీసి ఎందుకో ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూడనేలేదు.

"ఇంకా ఎంతమంది ఆ కాగితాల మీద ఉన్నారు?" అన్నారు.

నేను జవాబు చెప్పేలోపే మళ్ళీ వార్డులోకి పరుగెత్తారు. మిషన్లన్నిటి దగ్గరా నిలబడి, కట్టలు మళ్ళీ పైకి తెప్పించి, ఒక్కొక్కరిదీ తనే చదివారు. ఒకరికి తియ్యాల్సిన దానికంటే ఎక్కువ నీరు తీస్తున్నారు, సరిచేశారు. మిగతావాళ్ళకు ప్రమాదం లేదు. నన్ను ఒక్క మాట అనలేదు. కట్టలు మోసే పని మాత్రం నాకిచ్చారు. మోశాను.

చీకటి పడుతుండగా ఆ వేటకెళ్ళే మనిషికి గండం గడిచిందని చెప్పారు. ఆయన భార్య మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమె ముందు నిలబడి, "తప్పు నాదమ్మా" అన్నాను.

ఆమె ఎగాదిగా చూసింది. "నీదేటి తప్పు? నువ్వు సూదేసినావా?"

"కాదమ్మా. కంప్యూటర్లో ఉండాల్సింది లేకుండా పోయింది. నా వల్ల."

"కంపూటర్ పాడైపోతే నువ్వేటి సేస్తావు బావూ. అది మిషను." కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ముందెళ్ళి టీ తాగు. మొకం సూడు, ఎలగైపోనాదో" అంది.

నేను ఇంకా వివరంగా చెప్పబోయాను. కాపీ, మెమరీ, మూడు వారాలు. ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే, నాకు తెలిసి కూడా నోరు మూసుకున్నానమ్మా, అనాలి. ఆ మాట అనలేకపోయాను. ఆమె క్షమించింది జరిగినదాన్ని కాదు. టీ తాగకుండా వెళ్ళిపోయాను.

మర్నాడు ఆమె, అరసవల్లి ఆమె, ఎప్పటిలాగే వచ్చింది. ముందురోజు నుంచి కట్టలు పక్కనే పెట్టుకుని పోయినవన్నీ ఎక్కిస్తోంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"డాక్టరుగారికి చెప్పానమ్మా, నీ తప్పేం లేదని."

"తెలుసు సార్. సిస్టర్ సెప్పింది."

"నన్ను ఏమైనా అనాలంటే అను."

ఆమె కీబోర్డు మీంచి చేతులు తియ్యలేదు. "ఏటంటాను సార్? సెప్పారు గదా. ఆయన మలుపు తిరిగీదాకా ఆగి సెప్పారు. అంతే." తర్వాత, "మీటింగులో అన్నదానికి మాత్రం మీటింగులోనే సెప్పండి సార్. అక్కడ నవ్వినోళ్ళకి తెలియాల గదా" అంది.

తర్వాతి మీటింగులో లేచి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆమె కాంట్రాక్టు పొడిగించారు. పరీక్షించకుండా సర్వర్లో ఏదీ పెట్టకూడదని, సర్వర్ పడి లేస్తే దాన్లో ఉన్నది ఏనాటిదో వార్డు తలుపు మీద రాసి అంటించాలని సూపరింటెండెంటుగారు నిబంధన పెట్టారు. నాకు మెమో కూడా ఇచ్చారు. అది సబబే. ఆ వేటకెళ్ళే మనిషి మరి కొన్నేళ్ళు మా వార్డుకు వచ్చాడు. కనబడినప్పుడల్లా, "మిషన్ బాగున్నాదా బావూ?" అని పలకరించేవాడు. బాగుందనేవాణ్ణి.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె, నేను ఒకే ఆసుపత్రిలో పనిచేశాం. గౌరవంగానే మాట్లాడేది. వాళ్ళ పెద్దాడి పెళ్ళికి పిలిచింది, వెళ్ళాను, దగ్గరుండి వడ్డించింది. కానీ కంప్యూటర్ ఆగితే మళ్ళీ ఎప్పుడూ నాకు ఫోను చెయ్యలేదు. ఆగిన తెరను తన ఫోనుతో ఫొటో తీసి నాకు పంపేది. అదే ఫొటో సూపరింటెండెంటుగారికీ పంపేది. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా అంతే. ఆయన ఒకసారి, "ఇలాంటివి నాకెందుకమ్మా" అంటే, "ఉండనీండి సార్" అందట.

నా ఉద్యోగం ఆఖరి రోజు దండ వేశారు, శాలువా కప్పారు. నేను ఏ యంత్రాన్నైనా లేపగలనని ఎవరో మైకులో చెబుతున్నారు. అప్పుడు జేబులో ఫోను మోగింది. తీసి చూశాను. వార్డులో ఆగిపోయిన తెర ఫొటో, ఆమె పంపింది. వేదిక మీద నా పక్క కుర్చీలో సూపరింటెండెంటుగారి ఫోను కూడా మోగింది.